మిగిలిన దోసె పిండికి గుంత పొంగనాల పెనం: ఏది కొనాలి, ఎలా వాడాలి

రుబ్బిన మూడో రోజుకి గిన్నె అడుగున రెండు మూడు గరిటెల దోసె పిండి మిగులుతుంది. ఇడ్లీ వేస్తే పొంగదు, బిళ్ళలా అణిగిపోతుంది. దోసె వేస్తే పెనానికి పట్టుకుని చిరుగుతుంది, రంగు రాదు, పులుపు ఒక్కటే తెలుస్తుంది. బాండీలో నూనె పోసి పునుగులు వేద్దామంటే, బాగా పులిసి జారిపోయిన పిండి నూనెలో పడగానే తోకలు తోకలుగా విడిపోతుంది, పైగా నూనె పీల్చేస్తుంది. ఆ పిండికి సరిగ్గా సరిపోయే వస్తువు గుంత పొంగనాల పెనం. పిండి కోల్పోయిన పట్టును గుంత గోడలు ఇస్తాయి. కిందకి కారిపోదామన్నా దానికి దారి ఉండదు.

కానీ బజారులో ఈ పేరుతో దొరికే పెనాలన్నీ ఒకేలా పనిచేయవు. రోజూ గ్యాస్ పొయ్యి మీద వండేవాళ్ళకి, వారానికి ఒకసారైనా పొంగనాలు వేసేవాళ్ళకి 7 గుంతల బరువైన పోత ఇనుప పెనమే మేలు. నెలకోసారి తీసేవాళ్ళకి, బరువు ఎత్తలేనివాళ్ళకి 12 గుంతల నాన్‌స్టిక్ చాలు. పల్చటి అల్యూమినియం పెనం మాత్రం ఎవరికీ వద్దు. ఎందుకో వివరంగా చూద్దాం.

ముందు పేరు సంగతి. రాయలసీమలో గుంత పొంగనాలు, కొన్నిచోట్ల గుంట పునుగులు, కన్నడంలో పడ్డు, తమిళంలో కుళి పణియారం, మరాఠీ, కొంకణి ఇళ్ళలో ఆప్పే. పెనం మాత్రం అన్నిటికీ ఒకటే. ఆన్‌లైన్‌లో వెతికేటప్పుడు ‘అప్పం పాన్’ అని కొడితే రెండు వేర్వేరు వస్తువులు వస్తాయి. ఒకటి చిన్న గుంతలున్న మన పెనం. రెండోది కేరళ పాలప్పం వేసే, మూతతో ఉన్న ఒకే ఒక లోతు మూకుడు. ఫొటోలో గుంతలు కనిపిస్తేనే ఆర్డర్ పెట్టండి. ‘పణియారం పాన్’ అని వెతికితే ఈ తికమక ఉండదు.

కొనేటప్పుడు అందరూ గుంతలెన్ని అని అడుగుతారు. అసలు చూడాల్సింది గుంత ఆకారం. వెడల్పు 4 నుంచి 5 సెంటీమీటర్లు, లోతు కనీసం 2 సెంటీమీటర్లు ఉండాలి. అడుగు గిన్నెలా గుండ్రంగా ఉండాలి. చవక పెనాల్లో అడుగు చదునుగా, గోడలు నిటారుగా ఉంటాయి. అలాంటి గుంతలో పొంగనం తిరగదు. స్పూను మొన పెట్టి తోస్తే మూలలో ఇరుక్కుని విరుగుతుంది. గుండ్రటి గుంతలో అంచున ఒక్క పోటు ఇస్తే చాలు, గోలీలా దొర్లుతుంది. గుంతకీ గుంతకీ మధ్య వేలు పట్టేంత చోటు కూడా ఉండాలి. లేదంటే ఒకటి తిప్పబోతే పక్కదాని పిండి చెదురుతుంది.

7 గుంతల పెనంలో ఒక్కో గుంతకి సుమారు 30 మిల్లీలీటర్లు, అంటే రెండు టేబుల్‌స్పూన్ల పిండి పడుతుంది. 12 గుంతల దాంట్లో 20 మిల్లీలీటర్లే. రెండు కప్పుల పిండి, అంటే సుమారు అర లీటరు మిగిలిందనుకోండి. మొదటి దాంట్లో 16 పెద్దవి మూడు వాయిల్లో అవుతాయి, 20 నిమిషాల పైనే పడుతుంది. రెండో దాంట్లో 24 చిన్నవి రెండు వాయిల్లో పన్నెండు పదమూడు నిమిషాల్లో అయిపోతాయి. చుట్టాలొచ్చినప్పుడు 12 గుంతలే సుఖం. లోపల దూదిలా మెత్తగా, పైన గట్టి పెంకు కావాలంటే పెద్ద గుంతే కావాలి. చిన్నదాంట్లో పెంకు ఎర్రబడేలోపు లోపలి మెత్తదనం ఆరిపోతుంది.

ఇక పోత ఇనుము. దీని గొప్పంతా బరువులో ఉంది. 7 గుంతల పెనం రెండు కిలోలకి అటూఇటూగా తూగుతుంది. ఇనుములో వేడి నెమ్మదిగా పాకుతుంది గానీ, ఒకసారి ఎక్కాక పట్టి ఉంచుకుంటుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి పిండి పోసినా పెనం చల్లారిపోదు. పులిసిన పిండికి ఇదే ముఖ్యం. పులుపు ఎక్కువైతే పిండి రంగు పట్టడం ఆలస్యమవుతుంది. ఆమ్లం ఉన్నచోట ఎర్రబడే చర్య మందగిస్తుంది. ఆ లోటును తీర్చేది గుంత గోడలోని నిలకడైన వేడే. పల్చటి పెనంలో అదే పిండి పాలిపోయి, ఉడికినట్టు ఉంటుంది.

దుకాణంలో తీసుకునేటప్పుడు నాలుగు పనులు చేయండి. ప్రతి గుంతలో చూపుడువేలు తిప్పండి. పోతలో మిగిలిన ఇసుక గరుకు, సూదిబెజ్జాలు తగిలితే ఆ పెనం పక్కన పెట్టేయండి. కొద్దిపాటి గరుకు నూనె పొరలతో పూడుతుంది, బెజ్జాలు పూడవు. వేలి కణుపుతో అంచు మీద కొట్టండి. గంటలా ఖంగుమంటే మంచిది, మొద్దుగా మోగితే ఎక్కడో పగులు ఉన్నట్టు. చదునైన గచ్చు మీద పెట్టి ఊగుతుందేమో చూడండి. చివరిగా పిడి. రెండు వైపులా చిన్న చెవులున్నవి బరువు మోయడానికి బాగుంటాయి. ఒకే పొడుగు పిడి ఉన్నవి ఖాళీగా ఉన్నప్పుడు చిన్న బర్నర్ మీద ఒక పక్కకి ఒరుగుతాయి.

కొత్త పెనం తెచ్చిన రోజే పొంగనాలు వేయకండి. ‘ప్రీ సీజన్డ్’, అంటే నూనె పొర ముందే పట్టించింది, అని రాసి ఉన్నా సరే. పీచుతో గట్టిగా తోమి, వేడినీళ్ళతో కడిగి, వెంటనే మంట మీద రెండు నిమిషాలు పెట్టి తడి పూర్తిగా ఆర్చండి. గోరువెచ్చగా ఉండగా పాత నూలుగుడ్డతో వేరుశనగ నూనె గుంత గుంతకీ రాసి, ఇంకో పొడిగుడ్డతో రాసిందంతా తుడిచేయండి. నిజంగానే తుడిచేయాలి. కంటికి తడి కనిపించకూడదు, వేలికి మాత్రం జిడ్డు తగలాలి. అప్పుడు మధ్యస్థ మంట మీద ఎనిమిది పది నిమిషాలు, సన్నగా పొగ లేచేదాకా కాల్చి చల్లార్చండి. ఇదంతా నాలుగుసార్లు చేయాలి. ఇక్కడ చదును పెనానికీ గుంతల పెనానికీ పెద్ద తేడా ఉంది. నూనె ఎక్కువైతే అది గుంత అడుగుకి జారి నిలుస్తుంది, కాలినప్పుడు గట్టిపడకుండా బంకలా మిగులుతుంది. మొదటి వాయి అడుగంటడానికి ఎక్కువగా ఇదే కారణం. ఓవెన్ ఉన్నవాళ్ళు పెనాన్ని బోర్లించి 200 నుంచి 230 డిగ్రీల సెల్సియస్‌లో గంటసేపు ఉంచితే ఈ బెడదే ఉండదు.

పెనాన్ని గంజిలో నానబెట్టే పాత పద్ధతి ఉంది. ఫౌండ్రీ దుమ్ము, నల్లటి పొడి వదలడానికి అది పనికొస్తుంది. నూనె పొర చేసే పనిని మాత్రం గంజి చేయదు. రెండూ చేస్తే మరీ మంచిది, గంజి ఒక్కటే చాలనుకోవద్దు. సీజనింగ్, అంటే ఈ నూనె పొర, సరిగ్గా కుదరకపోతే పుల్లటి పిండి ఇనుముతో కలిసి, పొంగనం కింద బూడిదరంగు మచ్చ, నోటికి లోహపు రుచి వస్తాయి. తిన్నవాళ్ళకి ఏమీ కాదు, కానీ ఎవరూ రెండోది తీసుకోరు. అందుకే మొదటి రెండు మూడు సార్లు బాగా పులిసిన పిండి కాకుండా తాజా పిండితో, నూనె కాస్త ఎక్కువ వేసి చేయండి.

పోత ఇనుములో లోపాలూ ఉన్నాయి. కింద పడితే సొట్ట పడదు, విరుగుతుంది. కాలుతున్నప్పుడు చన్నీళ్ళు పోస్తే పగలొచ్చు. సింకులో నానబెడితే పొద్దునకి గుంతల్లో తుప్పు నీళ్ళుంటాయి. మణికట్టు నొప్పి ఉన్నవాళ్ళకి, వయసు మీద పడినవాళ్ళకి దీన్ని కడిగి ఆరబెట్టడమే పెద్ద పని. ఇవన్నీ కలుపుకుని చూసినా మిగిలిన పిండి కోసమైతే దీనికి 5కి 4.5.

నాన్‌స్టిక్‌ని తక్కువ చేసి మాట్లాడటం అన్యాయం. మొదటి రోజు, మొదటి వాయి నుంచే పొంగనాలు ఊడివస్తాయి. గుంతకి పావు టీస్పూన్ నూనె చాలు, 12 గుంతలకి కలిపి 15 మిల్లీలీటర్లు. ఎక్కువ వాటికి గాజు మూత కూడా వస్తుంది. లోపల ఎంత ఉడికిందో మూత తీయకుండానే చూడొచ్చు. కానీ పెంకు కరకరలాడదు, తీసిన ఐదు నిమిషాలకే మెత్తబడుతుంది. నూనె కూడా గోడకి అంటుకోకుండా పూసలు కట్టి అడుగుకి చేరుతుంది. అందుకే కింద ఎర్రగా, పక్కలు తెల్లగా వస్తాయి. దానికి మందు ఉంది: నూనె గుంతలో వేసి ఊరుకోకుండా బ్రష్‌తో గోడల మీదికి పూయండి. తిప్పడానికి పెనంతో ఇచ్చిన చెక్క పుల్లే వాడాలి. స్టీలు స్పూను మొన తగిలితే పొర ముందుగా గుంతల మధ్య అంచుల మీద లేస్తుంది. ఖాళీ పెనాన్ని పెద్ద మంట మీద వదిలేయకూడదు. టెఫ్లాన్ పూత 260 డిగ్రీలు దాటితే పాడవడం మొదలవుతుంది, పల్చటి పెనం ఆ వేడికి త్వరగానే చేరుతుంది. పూత లేచాక ఆ పెనాన్ని మార్చేయాల్సిందే. దీనికి 5కి 3.5.

పూత లేని పల్చటి అల్యూమినియం పెనాలు సంతల్లో చవగ్గా దొరుకుతాయి. వాటిలో పొంగనాలు మంట తగిలిన చోట మాడిపోతాయి, తగలని చోట పచ్చిగా ఉంటాయి, ప్రతి వాయికీ అడుగంటుతాయి. ఒక్క మాట మాత్రం నిజం: అదే అల్యూమినియం మందంగా పోతపోసి ఉంటే బాగానే పనిచేస్తుంది. చేత్తో ఎత్తి చూస్తే తేడా తెలిసిపోతుంది. తమిళనాడు వైపు రాతి పెనాలు కూడా ఉన్నాయి. పొంగనాలు చాలా బాగా వస్తాయి, కానీ అలవాటు పడటానికి రోజుల తరబడి నూనె పట్టించాలి, ఒక్క దెబ్బకి పగులుతాయి. రోజువారీ వాడకానికి సిఫారసు చేయలేం.

ఇండక్షన్ పొయ్యి ఉన్నవాళ్ళు కొనేముందు పెనాన్ని తిరగేసి చూడాలి. మన సంప్రదాయ పెనాల అడుగున గుంతలు బుడిపెల్లా పొడుచుకొచ్చి ఉంటాయి. గ్యాస్ మంట వాటి చుట్టూ తిరుగుతుంది కాబట్టి అక్కడ అది మంచిదే. ఇండక్షన్ మీద గానీ, అమెరికా ఇళ్ళలో ఉండే గాజు పలక పొయ్యి మీద గానీ ఆ బుడిపెల మొనలే ఆనుతాయి, అక్కడే మాడుతుంది. చదును అడుగు ఉన్నదే తీసుకోవాలి. ఇండక్షన్‌కైతే అయస్కాంతం అంటుకోవాలి కూడా. ఉత్త అల్యూమినియానికి అంటుకోదు. అమెరికాలో మన పెనం దొరకనివాళ్ళకి ఒక దారి ఉంది. డెన్మార్క్‌వాళ్ళు ఏబ్లెస్కివర్ అనే తీపి ఉండలు వేసుకునే పెనం అచ్చంగా మన పొంగనాల పెనమే. లాడ్జ్ కంపెనీ పోత ఇనుములో చేసినదానికి ఏడు గుంతలు. మిగిలిన దోసె పిండికి భేషుగ్గా సరిపోతుంది.

పెనం ఎంత మంచిదైనా పిండిని సరిచేయకపోతే ప్రయోజనం లేదు. ముందు వాసన చూడండి. పెరుగులాంటి పులుపు వాసన మంచిదే. కుళ్ళు వాసన వచ్చినా, పైన గులాబీ, నారింజ, నలుపు రంగుల మచ్చలు కనిపించినా ఏ పెనమూ దాన్ని బాగుచేయదు, పారబోయండి. బాగున్న పిండిని ఫ్రిజ్‌లోంచి తీసి అరగంట బయట ఉంచండి. తర్వాత గరిటెతో ఎత్తి పోసి చూడండి. నీళ్ళలా కారితే బాగా జారుడుగా ఉన్నట్టు. గరిటె అంచున ముద్దగా ఆగి, దబుక్కున పడితే మరీ గట్టి. వెడల్పాటి నాడాలా ఆగకుండా జారాలి. మాటల్లో చెప్పాలంటే ఇడ్లీ పిండి కంటే కాస్త పలుచన, దోసెకి కలిపే పిండి కంటే కాస్త చిక్కన.

రెండు కప్పుల జారుడు దోసె పిండికి మూడు టేబుల్‌స్పూన్ల బొంబాయి రవ్వ, ఒక టేబుల్‌స్పూన్ బియ్యప్పిండి కలిపి పావుగంట ఆగండి. రవ్వ నీళ్ళు పీల్చి పిండికి పట్టు ఇస్తుంది, బియ్యప్పిండి పెంకును కరకరలాడిస్తుంది. ఆగకుండా వేస్తే రవ్వ పలుకుగా తగులుతుంది. ఇడ్లీ పిండి మిగిలితే రవ్వ అక్కర్లేదు, రెండు మూడు టేబుల్‌స్పూన్ల నీళ్ళు చాలు. చాలామంది మైదా కలుపుతారు. పొంగనం సాగుతుంది, చల్లారాక రబ్బరులా అవుతుంది. మైదా వద్దు. శనగపిండి ఒక టేబుల్‌స్పూన్ దాకా పర్వాలేదు, రంగు త్వరగా వస్తుంది. అంతకు మించితే బజ్జీ వాసన కొడుతుంది.

పులుపు మరీ ఎక్కువైతే రెండు టేబుల్‌స్పూన్ల పచ్చికొబ్బరి తురుము, అర టీస్పూన్ పంచదార కలపండి. వంటసోడా వేయాలనుకుంటే ఈ కొలతకి చిటికెడు, అంటే టీస్పూన్‌లో ఎనిమిదో వంతు. దాన్ని ఒక చెంచా నీళ్ళలో కలిపి, పెనం వేడెక్కాక చివరి క్షణంలో పిండిలో పోయాలి. పులుపుతో కలిసి నురగ కడుతుంది, పులుపు కొంత తగ్గుతుంది, రంగు త్వరగా పడుతుంది. ముందే కలిపి పెడితే గాలంతా పోతుంది. పావు టీస్పూన్ దాటితే పొంగనం గోధుమ ఎరుపుకి తిరిగి, నూనె పీల్చి, సబ్బు రుచి వస్తుంది. ఉప్పు దగ్గర తొందర వద్దు. దోసె పిండిలో ముందే ఉంటుంది కాబట్టి కొత్తగా కలిపిన ఉల్లిపాయ, రవ్వకి సరిపడా పావు టీస్పూన్ చాలు. మొదటి వాయి రుచి చూసి మిగతాది వేసుకోండి.

తాలింపు లేకపోతే పొంగనం ఉత్త చప్పటి పిండి ముద్ద. రెండు టీస్పూన్ల నూనెలో అర టీస్పూన్ ఆవాలు, ఒక టీస్పూన్ మినప్పప్పు, అరగంట నానిన ఒక టేబుల్‌స్పూన్ శనగపప్పు, అర టీస్పూన్ జీలకర్ర, అంగుళం అల్లం తురుము, రెండు పచ్చిమిర్చి, తుంచిన కరివేపాకు వేసి, చివర్లో మధ్యరకం ఉల్లిపాయ ఒకటి వేసి నిమిషం పాటు తిప్పండి. శనగపప్పు నానకపోతే పంటికి రాయిలా తగులుతుంది. ఉల్లిపాయని మగ్గించక్కర్లేదు, దానిలో నీరు కొంచెం పోతే చాలు. పచ్చిగా కలిపితే ఉప్పుకి నీరూరి, రెండో వాయి వేసేసరికి పిండి మళ్ళీ జారుడవుతుంది. ముక్క వేరుశనగ గింజ కంటే పెద్దదైతే గుంత గోడకి ఆనుకుని అక్కడ మాడుతుంది, తిప్పేటప్పుడు పెంకును చీలుస్తుంది. కొత్తిమీర పొయ్యి కట్టాకే కలపాలి, ఉల్లిపాయతో పాటు వేయించకూడదు.

పోత ఇనుప పెనాన్ని సన్నటి మంట మీద ఐదు నిమిషాలు, తర్వాత మధ్యస్థంగా ఒక నిమిషం కాల్చండి. నీటి చుక్క విదిలిస్తే పూసలా దొర్లుతూ ఆవిరైపోవాలి. చుక్క పడినచోటే సుయ్యిమని పొంగితే ఇంకా కాలాలి. గుంతకి అర టీస్పూన్ నూనె వేసి, సగం కోసిన ఉల్లిపాయను ఫోర్కుకి గుచ్చి గోడలన్నీ రుద్దండి. ఇప్పుడు బయటి ఆరు గుంతలూ ముందు నింపి, మధ్య గుంత చివర నింపండి. మంట నడుమ మీదే ఎక్కువ ఉంటుంది కాబట్టి మధ్యది అన్నిటికంటే ముందే అయిపోతుంది. ముప్పాతిక వంతే పోయాలి. నిండా పోస్తే పొంగి అంచు దాటి, టోపీలా రెక్కలు కట్టుకుంటుంది. ఆ రెక్కలు పెనం పైభాగానికి అంటుకుంటే తిప్పడం కష్టం.

మూత పెట్టి మంట తగ్గించండి. ఒక నిమిషానికి అంచులో సన్నటి నూనె బుడగలు వరుసగా లేస్తాయి. రెండో నిమిషానికి గోడ పక్కన పిండి రంగు మారి, ఆరిన సున్నంలా మెరుపు పోతుంది. ఆ వలయం నడుమకి పాకుతూ వచ్చి, మధ్యలో పావలా బిళ్ళంత తడి మిగిలినప్పుడు తిప్పాలి. ముందు స్పూను మొనతో అంచున మెల్లగా తోసి చూడండి. మొత్తం పొంగనం గుంతలోనే జారి కదిలితే పెంకు కట్టినట్టు. ఒక పక్క పట్టుకుని లాగుతున్నట్టుంటే అరనిమిషం ఆగండి, బలవంతం చేయకండి. పెంకు కట్టాక దానంతటదే వదులుతుంది. తిప్పాక నాలుగు చుక్కల నూనె అంచున వదిలి, మూత పెట్టకుండా రెండు నిమిషాలు ఉంచండి. ఈసారి మూత పెడితే ఆవిరి నీరై కారి పెంకు మెత్తబడుతుంది.

పైన మాడి లోపల పచ్చిగా ఉందంటే మంట ఎక్కువ, లేదా పిండి ఫ్రిజ్ చల్లదనంతోనే పడింది. పైన తెల్లగా ఉండి ఎండిపోయిందంటే మంట తక్కువై చాలాసేపు ఉంది. పొంగనం నడుమ గుంట పడి, పైకి చదునుగా వచ్చిందంటే పిండి జారుడు. లోపల ముద్దగా, బరువుగా ఉంటే పిండిలో గాలి లేదు. సోడా ముందే వేశారు, లేదా తాలింపు కలిపాక మరీ గిలక్కొట్టారు. ఒక్క గుంతలోనే ప్రతిసారీ అంటుకుంటుంటే పిండిని అనకండి, ఆ గుంత సీజనింగ్ పోయింది. దాని వరకే నూనె రాసి కాల్చితే సరిపోతుంది.

దోసె పిండి కాకుండా వేరేవి మిగిలితే ఈ పెనం ఎంతవరకు ఆదుకుంటుంది? గారె పిండికి చాలా బాగా ఆదుకుంటుంది. ఒకరోజు గడిచిన మినప్పిండి వదులై, బాండీలో వేస్తే నూనె తాగేస్తుంది. దాన్నే రెండు టేబుల్‌స్పూన్ల బియ్యప్పిండితో కలిపి, చేత్తో ఒకే వైపు రెండు నిమిషాలు గిలక్కొట్టి గుంతల్లో వేస్తే, గుంతకి అర టీస్పూన్ నూనెతోనే గారె రుచి వస్తుంది. మిరియాలు కచ్చాపచ్చాగా దంచి వేయండి. పెసరట్టు పిండి అంత బాగా రాదు, లోపల ఎండినట్టు గట్టిగా ఉంటుంది. ఉల్లిపాయ రెట్టింపు వేసి, వేడిగా ఉన్నప్పుడే తినాలి. బజ్జీకి కలిపిన శనగపిండి మాత్రం పెనానికి పట్టుకుంటుంది. దానికి బాండీయే సరైనది.

చపాతీ ముద్ద మిగిలినా ఈ పెనం పనికొస్తుందని చాలామందికి తెలియదు. నూనె రాసి, మూత బిగించిన డబ్బాలో ఫ్రిజ్‌లో పెట్టి, రెండు రోజులు దాటని ముద్ద తీసుకోండి. పైన బూడిదరంగు తిరిగితే కంగారు పడక్కర్లేదు, గాలి తగిలి రంగు మారింది. పుల్లటి వాసన, నల్ల చుక్కలు ఉంటే వద్దు. పెద్ద ఉసిరికాయంత ఉండని, సుమారు 20 గ్రాములు, అరచేతిలో వత్తి, టీస్పూన్ నిండా ఆలూ కూర గానీ, నిన్నటి వేపుడు మెదిపి గానీ పెట్టి మూసేయండి. కూర పొడిగా ఉండాలి, పులుసు ఉంటే చిట్లుతుంది. గుంతకి అర టీస్పూన్ నూనె వేసి, ఉండ అతుకు కిందికి పెట్టి, మూతతో సిమ్‌లో ఆరేడు నిమిషాలు, తిప్పి ఇంకో ఐదు నిమిషాలు. ఇక్కడ తొందరపడి మంట పెంచితే పైన చుక్కలు చుక్కలుగా మాడి, కూరని ఆనుకున్న పొర పచ్చిపిండిగా మిగులుతుంది. ముద్దలో అర టీస్పూన్ వాము నలిపి కలిపితే వాసన బాగుంటుంది. అదే ముద్దని వత్తి, కోసి కారం బిళ్ళలు చేసుకోవాలంటే మాత్రం నూనె బాండీ తప్పదు.

పొంగనాల పక్కన రాయలసీమ ఎర్రకారం, పుట్నాల పొడి ఉంటే వేరే ఏమీ అడగాల్సిన పనిలేదు. బాగా పులిసిన పిండితో చేసినవాటికి పల్లీల చట్నీ సరైన జోడీ, దాని కమ్మదనం పులుపును అణుస్తుంది. చింతపండు ఎక్కువ పడ్డ అల్లం పచ్చడి మాత్రం పులుపు మీద పులుపు అవుతుంది. అల్లం పచ్చడే కావాలంటే బెల్లం కాస్త పెంచండి. తీసినవాటిని గిన్నెలో పోగేసి మూత పెట్టకండి, జల్లెడ మీద విడివిడిగా పరచండి. చల్లారినవాటిని మళ్ళీ అదే పెనంలో రెండు నిమిషాలు దొర్లిస్తే పెంకు తిరిగొస్తుంది. మైక్రోవేవ్‌లో పెడితే తోలులా సాగుతాయి.

వాడాక పోత ఇనుప పెనాన్ని గోరువెచ్చగా అయ్యేదాకా వదిలేసి, గుంతల్లో అంటుకున్న పిండి పెంకుల్ని రాతి ఉప్పు, గుడ్డపీలికతో రుద్దండి. వేడినీళ్ళతో ఒకసారి కడిగి, పొయ్యి మీద ఆర్చి, ఒక్క చుక్క నూనె ఏడు గుంతలకీ పూయండి. అలమరలో పెట్టేటప్పుడు మూత పెట్టకండి, లోపల చెమ్మ నిలిచి మధ్య గుంతలో ముందు తుప్పు పడుతుంది. గుంతల్లో పాత న్యూస్‌పేపర్ ముక్క పరిచి, గుంతలు కిందికి వచ్చేలా బోర్లించండి. నెల తర్వాత తీసినప్పుడు జిడ్డు వాసన కొడితే నూనె ఎక్కువ పూసినట్టు. ఒకసారి వేడినీళ్ళలో కడిగి, మంట మీద కాల్చి మళ్ళీ మొదలుపెట్టండి.